గుమ్మడి పిందెలకు వేలు చూపించాను

మొన్న మా వీధి చివర ఆస్పత్రిలో ఒక కుర్ర డాక్టరు నా జబ్బకు పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకెలు చూసి పెదవి విరిచాడు. బీపీ ఎక్కువుందట. మాత్రలు రాశాడు, ఉప్పు తగ్గించమన్నాడు. చీటీ చేతికిస్తూ చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు, "అమ్మా, మీ ఇంట్లో కాస్త జాగా ఉంటే నాలుగు మొక్కలు పెంచుకోండి. ఒంటికీ మంచిది, మనసుకీ మంచిది. ఆకలేస్తుంది, నిద్ర పడుతుంది, దిగులు తగ్గుతుంది" అని వేళ్లు మడుస్తూ పాఠం అప్పజెప్పాడు. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నారని అడిగాడు. "నువ్వు చెప్పిన మందు మా ఇంట్లో ఒకసారి వాడినాం నాయనా" అన్నాను. బయట బెంచీల మీద ఇరవైమంది దగ్గుతూ మూలుగుతూ కూర్చుని ఉన్నారు కాబట్టి మిగతా కథ అతనికి చెప్పలేదు. పాపం బతికిపోయాడు.

అప్పుడు మేం జమ్మలమడుగులో ఉండేవాళ్లం. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చి, కర్నూలు రాజధాని కావడం మంచిదా చెడ్డదా అని మగవాళ్లు అరుగుల మీద కూర్చుని గొంతులు చించుకునే రోజులు. నాయన తాలూకాఫీసులో గుమాస్తా. చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, బడిపంతులు. ఇద్దరూ బయట పెద్దమనుషులే గానీ ఇంట్లో అధికారమంతా వాళ్లమ్మది, మా జేజిది. ఆమె లేచి నిలబడితే ఇల్లు నిలబడేది, ఆమె కూర్చుంటే మేం గుసగుసలాడుకునేవాళ్లం.

మాది మట్టి మిద్దె. వెనక పెరడు, పెరడు చుట్టూ నాపబండలు నిలువునా పాతిన గోడ. ఇంట్లో ఎప్పుడూ రెండు వాసనలుండేవి. ఒకటి గానుగలో ఆడించిన చెనక్కాయల నూనె, రెండోది పెనం మీద కాలే జొన్నరొట్టె. తాగే నీళ్లు పెన్నలో ఇసుక తోడి, చెలిమలో ఊరినవి కడవలతో తెచ్చుకునేవాళ్లం. పెరట్లో బావి ఉంది గానీ ఆ నీళ్లు ఉప్పన. అవి స్నానాలకీ, అంట్లకీ.

చిన్నమ్మ, చిన్నాయన భార్య, పులివెందుల దగ్గర పల్లె పిల్ల. పెళ్లయి మా ఇంటికి వచ్చేనాటికి ఆమెకు పద్దెనిమిది నిండాయో లేదో. నాకు ఏడేళ్లు. జేజి కళ్లుగప్పి మేమిద్దరం చెయ్యని వెధవపని లేదు. పచ్చి చింతకాయలు, ఉప్పు, మిరపకాయలు రోట్లో వేసి దంచుతూ ఉంటే జేజి వచ్చి "ఏంది దంచుతాండావు?" అనేది. చిన్నమ్మ నోట్లోది బుగ్గకు తోసి, బదులు చెప్పకుండా తల అడ్డంగా ఊపేది. పులుపుకు కళ్లలో నీళ్లు కారిపోతుండేవి. "కోడలు శానా మెత్తనిది, ఒక మాటంటే ఏడుస్తాది" అని జేజి ఇరుగుపొరుగుకు చెప్పుకునేది. నేను గాదె చాటుకు పోయి కడుపు పట్టుకుని నవ్వేదాన్ని.

తొలికాన్పుకు చిన్నమ్మ పుట్టింటికి పోయింది. మగపిల్లాడు పుట్టాడని ఉత్తరం వచ్చింది. వాడు వస్తే ఊపాలని నేను రోకలిబండకు గుడ్డ చుట్టి ఒళ్లో పెట్టుకుని జోకొట్టడం నేర్చుకున్నాను. నెల తిరక్కుండానే రెండో ఉత్తరం వచ్చింది. దాన్ని ఎవరూ పైకి చదవలేదు. మూడో నెలలో చిన్నమ్మ బస్సు దిగి వట్టి చేతులతో ఇంట్లోకి వచ్చింది. నేను ఎదురు పరిగెత్తాను. ఆమె నా వైపు చూడకుండా, తల దించుకుని నన్ను దాటుకుని లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది. నేనేం తప్పు చేశానో నాకు తెలియలేదు. చాలా ఏడ్చాను.

తర్వాత అమ్మను పీడించి అడిగితే చెప్పింది. బిడ్డ నిద్రపోతుంటే చిన్నమ్మ పూటలకు పూటలు వాణ్ణే చూస్తూ కూర్చునేదట. ఎంత ముద్దుగా ఉండాడో అని వచ్చినవాళ్లకంతా చూపించుకునేదట. వాడు పోయాక ఆ ఊళ్లో ఎవరో ముసలామె, "కన్నతల్లి దిష్టి తగిలింది. దానికి మందు లేదు" అనేసింది. ఆ మాట చిన్నమ్మ మనసులో ముల్లయి కూర్చుంది. తన చూపు మంచిది కాదనుకుంది. అందుకే గోడవైపు తిరిగి పడుకునేది. నేనూ పిల్లనే కాబట్టి నన్ను అసలు చూసేది కాదు. అది తెలిశాక నా ఏడుపు తగ్గింది గానీ భయం పెరిగింది.

ఇంట్లోవాళ్లు చెయ్యగలిగినవన్నీ చేశారు. దర్గా నుంచి తాయెత్తు తెచ్చారు. ఆస్పత్రి నుంచి ఎర్రటి టానిక్కు సీసా తెచ్చారు, అందులో మూడొంతులు నేనే దొంగతనంగా తాగాను, తియ్యగా ఉండేది. ఆమె మాత్రం రోజుకు రెండు ముద్దలు మింగి మళ్లీ మంచమెక్కేది. జడ అట్టలు కట్టింది. చెయ్యి పట్టుకుంటే పుల్ల.

ఆషాఢంలో వేంపల్లె నుంచి మా అత్త, జేజి కూతురు, వచ్చింది. వంటింట్లో ఆమె జేజితో అంటున్న మాటలు గాదె వెనక నుంచి విన్నాను. "ఇట్ల ఎన్నాళ్లమ్మా? దసరాకు నేనొస్తా. అప్పటికీ ఇట్లనే ఉంటే పులివెందులకు తోలుకొనిపొయ్యి వదిలిపెట్టొస్తాం. బాగయితే తెచ్చుకుందాం, ల్యాకుంటే ఆడే ఉండనీ. తమ్మునికి మా ఊర్లో ఒక పిల్ల ఉండాది, చూసినా." జేజి కసురుతుందనుకున్నాను. జేజి రొట్టె తిరగేసి, "చూద్దాంలే" అంది. జేజి చూద్దాంలే అన్నదంటే సగం ఒప్పుకున్నట్టే లెక్క.

ఆ నెలలోనే నాలుగు మంచి వానలు పడ్డాయి. పెరట్లో స్నానం చేసే బండ పక్కన, నీళ్లు పారే చోట, ఎవరో పారేసిన గింజ నుంచి గుమ్మడి మొక్క లేచింది. జేజి దాన్ని చూసి లోపలికి వచ్చి మంచం దగ్గర నిలబడింది.

"ఏమ్మే, ఇంకెంతసేపు పండుకుంటావు? మంచం నులక తెగుతాది. ఆ గుమ్మడిపాదుకు రెండు చెంబులు నీళ్లన్నా పొయ్యి."

"నేను చూస్తే ఎండిపోతాది అత్తా" అంది చిన్నమ్మ గోడతో చెప్పినట్టు.

"ఎండితే ఎండనీ. దాన్ని మనమేమన్నా నాటినామా, పూజ చేసినామా? చూడకుండా పొయ్యిపో."

జేజికి మోకాళ్ల నొప్పులు. వంగలేదు, అందుకే కోడలికి చెప్పింది. వైద్యం చెయ్యాలని చెప్పిందని నేను కోతలు కొయ్యను. చిన్నమ్మ లేచింది. మొహం పక్కకు తిప్పుకుని, చెంబు వంచింది. సగం నీళ్లు బండ మీద, సగం ఆమె కాళ్ల మీద. పదిరోజులు అదే తంతు. మొక్క మాత్రం ఈ మర్యాదలేమీ పట్టించుకోకుండా చేటలంత ఆకులు వేసింది.

అప్పుడు ఎర్ర పురుగులు పడ్డాయి. ఆకులు జల్లెడలవుతున్నాయి. జేజి అరుగు మీద నుంచి కేకేసింది. "పురుగులు ఏరమ్మే!" పురుగుల్ని చూడకుండా ఎలా ఏరాలి? చిన్నమ్మ నిలబడి ఆలోచించింది. తర్వాత కూలబడి, ఒక ఆకు తిప్పి, దాని అడుగున చూసింది. నేను చూస్తూనే ఉన్నాను. ఒక్కో ఆకూ తిప్పి, పురుగును పట్టి, వేళ్ల మధ్య నలిపినకొద్దీ ఆమె మొహంలో కోపం పైకి వచ్చింది. ఆమె మొహంలో ఏదైనా ఒకటి కనపడటం నాకు నెలల తర్వాత అదే మొదలు. తెల్లవారి మంచు తడి ఆరకముందే పొయ్యిలో బూడిద తెచ్చి ఆకుల మీద చల్లింది. మూడోరోజుకు పురుగులు పోయాయి. పక్కన కాస్త నేల తవ్వితే మటిక్కాయలు పెట్టొచ్చని ఆమే అంది. మటిక్కాయలంటే గోరుచిక్కుళ్లు. ఎవరూ అడక్కుండా ఆమె అన్న మొదటి మాట అదే.

మాది నల్లరేగడి. ఎండితే రాయి, తడిస్తే బంక. గడ్డపార పట్టి మొదటిరోజు ఆమె తవ్వింది రెండు జానలు. అరచేతుల్లో బొబ్బలు. అమ్మ వెన్న రాస్తుంటే, "రేపు ఇంకా రోంత తవ్వాల అక్కా" అంది. మరునాడు తవ్వింది. మేకల ఎరువు మోసింది. నీళ్లు చేదింది. ఎండకు మొహం కమిలి, చెమటకు జాకెట్టు తడిసి, గోళ్లలో మట్టితో వచ్చి తలకు పోసుకుని తిండికి కూర్చునేది. ఒకరోజు సంగటి ముద్ద అయిపోయాక పళ్లెం అలాగే పట్టుకుని ఉంది. అమ్మకు అర్థం కాలేదు. "ఇంకో ముద్ద పెట్టు" అంది చిన్నమ్మ. అమ్మ గబగబా తెడ్డు అందుకుంది. వేడి సంగటి, దాని మీద నెయ్యి, పక్కన చెనక్కాయలు నూరిన ఊరిబిండి. ఆమె నమిలే చప్పుడు వింటూ మేమంతా మా తిండి మరిచిపోయాం.

మధ్యాహ్నం చాప మీద ఒరిగితే గురక కూడా మొదలైంది. అంత సన్నటి మనిషిలో నుంచి అంత గురక ఎలా వస్తుందో! పెరట్లోకి వచ్చిన గాజులామె ఉలిక్కిపడింది. "మా చిన్నకోడలు నిద్రపోతాండాది" అని జేజి గొప్పగా చెప్పింది.

చిన్నాయన పెద్దల ముందు పెళ్లాంతో మాట్లాడేవాడు కాదు. ఆదివారం ప్రొద్దుటూరుకు పోయి, బెండ విత్తనాలు, వంగ విత్తనాలు కాగితంలో పొట్లం కట్టించుకుని వచ్చి, రోటి మీద పెట్టి ఏమీ ఎరగనట్టు పోయేవాడు. ఒకసారి ఆ పొట్లం విప్పి చిన్నమ్మ నవ్వింది. మిరప విత్తనాలు కావాలని నాతో చెప్పి పంపితే ఆయన ముల్లంగివి తెచ్చాడు. "పంతులుకు విత్తనాలు కూడా తెలీవు" అంది. ఆ మాట నేను పరిగెత్తుకుంటూ పోయి చిన్నాయనకు చెప్పాను. ఆయన చాలా సంతోషించాడు.

పెరడు ఆమె ఒంటిని లేపింది. ఆకలి తెచ్చింది, నిద్ర తెచ్చింది, నవ్వు కూడా కాస్త తెచ్చింది. ముల్లు మాత్రం లోపలే ఉంది. ఎందుకంటే అప్పటికీ ఆమె నన్ను చూడదు. పాదుల్లో పక్కపక్కనే కూర్చుని కలుపు తీసేవాళ్లం, మాట్లాడేది, నేను మొహమెత్తితే ఆమె తల దించుకునేది.

భాద్రపదానికి గుమ్మడితీగ గోడబండల మీదికెక్కి, పసుప్పచ్చ పూలు పూసి, పిందెలు వేసింది. తొమ్మిది పిందెలు. ఈ కాలం పిల్లలకు తెలియదు గానీ, గుమ్మడి పిందెలకు వేలు చూపించకూడదు. చూపిస్తే కుళ్లి రాలిపోతాయి. చూపించాల్సి వస్తే వేలు మడిచి కణుపుతో చూపాలి. మా ఊళ్లో మాటలు రాని పిల్లలకు కూడా తెలిసిన నియమం అది. నాకు బాగా తెలుసు.

దసరా ముందర పక్కింటి పిల్ల గోడ ఎక్కి తొంగిచూసింది. "మా పాదుకు తొమ్మిదుండాయి" అన్నాను. "అబద్ధం. యాడుండాయి? నాకు మూడే కనపడతాండాయి" అంది. నాకు రోషం వచ్చింది. నియమం, కణుపు, అన్నీ మరిచిపోయి చూపుడువేలు బారుగా చాచి, ఒక్కొక్క పిందె దగ్గరికీ పోయి, "ఇదొకటి, ఇది రెండు" అని తొమ్మిదీ చూపించాను. తొమ్మిదో దాని మీద వేలు పెట్టాక గుర్తొచ్చింది. ఆ పిల్లకూ గుర్తొచ్చినట్టుంది, గోడ దిగి పారిపోయింది.

మూడోరోజుకు ఒక పిందె పసుప్పచ్చగా మారి రాలింది. తీసుకుపోయి గోడ అవతలికి విసిరాను. మరునాడు రెండు. అవీ విసిరాను. నాకు అన్నం దిగలేదు. ఆ మరునాటి పొద్దున అత్త వేంపల్లె నుంచి బస్సు దిగింది. మేం ఆమె సంచీ అందుకుని లోపల పెడుతుండగా పెరట్లో చెంబు పడిన చప్పుడైంది. నేను వెళ్లేసరికి చిన్నమ్మ చేతిలో రాలిన పిందెలు రెండున్నాయి. మిగిలినవి లెక్కపెట్టుకుని, "అయిదు పోయినాయి" అంది. మొహం పాలిపోయింది. చెంబు తియ్యలేదు. లోపలికి వెళ్లి, మంచం వాల్చుకుని, గోడవైపు తిరిగింది.

అత్త జేజి వైపు చూసింది. "చెప్పినా గదమ్మా" అంది మెల్లగా.

"రోజూ చూస్తాంటి" అంది చిన్నమ్మ గోడలోకి. "అది పిందె గదా, బిడ్డ కాదు గదా, ఏమీ కాదులే అనుకుంటి. శానాసేపు చూస్తాంటి. నా కండ్లు మంచివి కావు అత్తా. నన్ను మా ఊరికి పంపిచ్చేయండి."

అత్త అడగకముందే ఆమే అడిగేసింది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. నిజం చెప్తే జేజి వీపు చీరేస్తుంది. చెప్పకపోతే చిన్నమ్మ పోతుంది. అంతకంటే పెద్ద ఆలోచన నాకు లేదు, తొమ్మిదేళ్లు.

"నువ్వు కాదు చిన్నమ్మా! నేను యేలు చూపిచ్చినా. తొమ్మిదిటికీ చూపిచ్చినా. మూడు రాలితే గోడవతల పారేసినా" అని బావురుమన్నాను.

జేజి చెయ్యి లేవలేదు. చిన్నమ్మ మంచం మీద మెల్లగా లేచి కూర్చుంది.

"తొమ్మిదిటికీనా?"

"తొమ్మిదిటికీ. బండ పక్కనుండే పెద్దదానికి మొదుట చూపిచ్చినా."

ఆమె లేచి పెరట్లోకి నడిచింది. మేమంతా వెనకాలే. బండ పక్కన తీగకు అన్నిటికంటే ముందు కాసిన పిందె, అప్పటికే చిన్న చెంబంత అయింది, నిగనిగలాడుతోంది. చిన్నమ్మ దాని ముందు కూర్చుంది. చేత్తో తట్టింది. గట్టిగా ఉంది.

"నేను దినామూ చూసేది దీన్నే" అంది. "పొద్దున లేస్తానే దీన్నే చూస్తా. దీనికి పాప యేలు గూడా చూపిచ్చింది. ఇదెందుకు రాల్లేదు?"

జేజి మోకాళ్లు పట్టుకుని, మూలుగుతూ, బండ మీద కూలబడింది.

"పిందెలన్నీ నిలబడితే తీగె మొయ్యగలదా?" అంది. "కొన్ని రాలతాయి. యెందుకు రాలతాయో యెవురికి తెలుసు. నేను ఆరుమందిని కంటి. ముగ్గురు మిగిలినారు. మిగిలినోళ్లను చూడకుండా కండ్లు మూసుకోని పెంచినానా? అందర్నీ చూసినా. కండ్లారా చూసినా. పోయినోళ్లనూ చూసినా, ఉండేవోళ్లనూ చూసినా."

అత్త, ఆ మిగిలిన ముగ్గురిలో ఒకతె, నిలబడినచోటే నిలబడిపోయింది. "ఈ మాట మాకెప్పుడూ చెప్పల్యా గదమ్మా" అంది.

"యెవురడిగినారని చెప్పల?" అంది జేజి.

చిన్నమ్మ ఏడ్చింది. బిడ్డ పోయాక ఆమె ఏడవగా చూడటం అదే మాకందరికీ మొదటిసారి. మట్టిచేతులు మొహానికి పెట్టుకుని, గుమ్మడాకుల మధ్య కూర్చుని, గొంతెత్తి ఏడ్చింది. అమ్మ పట్టుకోబోతే జేజి చెయ్యి అడ్డం పెట్టింది. చాలాసేపటికి ఏడుపు దానంతటదే ఆగింది. నా గుండెల మీద నుంచి ఎవరో తిరగలి దించినట్టయింది.

పులివెందుల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అత్త పండగ మూడురోజులూ ఉండి, పోయేటప్పుడు కొంగులో మటిక్కాయలు కట్టుకుని పోయింది. చిన్నమ్మకు తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇద్దరూ నిలబడ్డారు. ఎనభై ఏళ్లు వచ్చేదాకా ఆమె గడ్డపార వదల్లేదు. బీపీ లేదు, షుగరు లేదు, గురక మాత్రం ఉండేది. ఇప్పుడు ఆ మిద్దె లేదు, బావి పూడ్చేశారు, పెరడున్న చోట బట్టలకొట్టు ఉంది. పెన్న ఇసుకలో చెలిమ తోడే ఆడవాళ్లూ లేరు. తాయెత్తులనూ దిష్టినీ నమ్మిన ఆ మనుషుల్ని తల్చుకుంటే నాకు కోపమూ వస్తుంది, ప్రేమా వస్తుంది.

ఆ రోజు సంగతి ఇంకొక్కటి చెప్పాలి. ఏడుపు ఆగాక చిన్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, నన్ను దగ్గరికి రమ్మంది. దెబ్బలు పడతాయేమోనని భయపడుతూ పోయాను. ఆమె నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. తిరిగొచ్చాక మొదటిసారి నా కళ్లలోకి చూసింది.

"ఎంత పొడుగు పెరిగినావే! ఎంత బాగుండావే పాపా" అంది.

అత్త అలవాటు చొప్పున దిష్టి తగలకుండా థూ థూ అనబోయింది. జేజి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "ఊరకుండుమే. చూడనీ" అంది.

చిన్నమ్మ చూసింది. నా ముక్కు, చెవులు, ఊడిన పన్ను, అన్నీ తనివితీరా చూసింది. నాకేమీ కాలేదు. డెబ్బై దాటాను, ఇంకా ఉన్నాను.